ఈక్వలైజర్ మీటలు కిందికీ జరుగుతాయి



ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో పాటలు వినేవాళ్లకు ఈక్వలైజర్ కొత్త కాదు. తెర మీద ఐదో పదో నిలువు మీటలు వరసగా ఉంటాయి. ఎడమ చివర బేస్, కుడి చివర ట్రెబుల్. కొత్త ఇయర్‌ఫోన్లు కొన్న రోజున చాలామంది చేసే పని ఒకటే. ఎడమవైపు మొదటి రెండు మీటల్నీ పైకంటా తోసేస్తారు. బేస్ బూస్ట్ అనే బొమ్మ కనిపిస్తే దాన్నీ నొక్కుతారు. ఇక మళ్లీ దాని జోలికి పోరు. డప్పు దద్దరిల్లుతుంది, చెవులు నిండిపోతాయి. కానీ పాటలో మాట మాత్రం తెలియదు. కవి రాసిన పదం, గాయకుడు విరిచిన విరుపు ఆ హోరులో కొట్టుకుపోతాయి. సాహిత్యం ప్రాణంగా బతికే తెలుగు పాటకు ఇంతకంటే నష్టం లేదు. ఈ మీటలు పైకి ఎంత జరుగుతాయో కిందికీ అంత జరుగుతాయి. పాట బాగా వినాలనుకున్నవాళ్లు ముందు చేయి వేయవలసింది ఆ కిందివైపే. ఎందుకో ఇవాళ చెప్పుకుందాం.

మనిషి చెవి సుమారుగా 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినగలదు. హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక కంపనం. ఈక్వలైజర్‌లో ఒక్కో మీటా ఈ పరిధిలో ఒక్కో ముక్కను ఏలుతుంది. కంప్యూటర్ మీద పాటలు వినడం మొదలైన కాలం నుంచీ ఉన్నవాళ్లకు విన్‌యాంప్ గుర్తుండే ఉంటుంది. 1997లో వచ్చిన ఆ ప్లేయర్‌లో పది మీటలుండేవి. వాటి కింద 60, 170, 310, 600, తర్వాత వెయ్యి, మూడు వేలు, ఆరు వేలు, పన్నెండు వేలు, పద్నాలుగు వేలు, పదహారు వేలు అని అంకెలుండేవి. ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయర్‌లో ఇవాళ్టికీ అవే అంకెలు కనిపిస్తాయి.

ఈ అంకెల్ని ఒక కచేరీ మీద పెట్టి చూద్దాం. ఒకటి శ్రుతిలో పాడే గాయకుడి మధ్య షడ్జమం సుమారు 130 హెర్ట్జ్. మంద్ర పంచమం దాకా దిగితే 98. తారషడ్జమం 261. అంటే ఆ గొంతు మూలస్వరాలు ఎక్కువభాగం 170, 310 మీటల చుట్టూనే తిరుగుతున్నాయి. మృదంగానికి ఎడమవైపు రవ్వముద్ద పూసిన తొప్పి ఉందే, అది గుమ్మనే నాదం మొదటి రెండు మీటల దగ్గర ఉంటుంది. అచ్చుల తేడాలు, అంటే అ, ఇ, ఉ వేరువేరుగా వినపడడం, 300 నుంచి 2500 దాకా పరుచుకుని ఉంటుంది. హల్లుల స్పష్టతకు ముఖ్యమైన చోటు 2000 నుంచి 4000. అంటే మూడు వేల మీట. స అయిదు వేలకు పైన బుసకొడుతుంది. తంబూరా జీవాళి తళుకూ, చేతితాళాల మెరుపూ ఆ పైనే. మాట ఉన్నదంతా పది మీటల్లో నడుమనున్న అయిదారింటిలోనే అని దీన్నిబట్టి తెలుస్తుంది. కుడి కొసన ఉన్న పదహారు వేల మీటను చాలామంది ఆశగా పైకి తోస్తారు. 128 కిలోబిట్ల ఎంపీ3 ఫైలు అయితే, సైజు తగ్గించడానికి పదహారు వేలకు పైనున్న ధ్వనిని తయారుచేసేటప్పుడే సాధారణంగా కోసేసి ఉంటారు. అక్కడ పెంచడానికి దాదాపు ఏమీ మిగలదు. ఈక్వలైజర్ ఉన్నదాన్ని ఎక్కువ తక్కువ చేయగలదు, పోయినదాన్ని తెచ్చిపెట్టలేదు.

ఇక బేస్ పెంచితే మాట ఎందుకు మునుగుతుంది? జవాబు మన చెవి లోపలే ఉంది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా ఉంటుంది. అందులో పొర మీద శబ్దం అలలా ప్రయాణిస్తుంది. దీన్ని కనిపెట్టినందుకే గేయోర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పొర మీద తారధ్వనులకు, అంటే ట్రెబుల్ వైపువాటికి, గుమ్మం దగ్గరే చోటు. బేస్ వంటి మంద్రధ్వనుల చోటు లోపలి కొసన. కాబట్టి మంద్రధ్వని అల తన చోటికి చేరాలంటే తారధ్వనుల చోటు మీదుగా నడిచి వెళ్లాలి. అల పెద్దదైతే దారిలో ఉన్నవాటిని కప్పేస్తుంది. బేస్ ఎక్కువైతే గొంతు మరుగున పడుతుంది గానీ, గొంతు ఎంత పెరిగినా బేస్ అంత సులువుగా మరుగుపడదు. ఈ పోటీలో ఇద్దరూ సమానులు కారు. అందుకే ఎడమవైపు మీటల దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి.

మీటల్ని పైకి తోయకూడదనడానికి రెండో కారణం అంకెల్లో ఉంది. సీడీ నాణ్యత గల డిజిటల్ పాట అంటే సెకనుకు 44,100 సార్లు తీసిన కొలతలు. ఒక్కో కొలతా పదహారు బిట్ల అంకె. అంటే పైకి 32,767 దాకా, కిందికి మైనస్ 32,768 దాకా. ఆ పైన అంకె లేదు. ఈ కాలపు సినిమా పాటల్ని బాగా గట్టిగా వినపడాలని ఈ కప్పుకు ఆనించేంత ఎత్తులోనే తయారుచేస్తున్నారు. అటువంటి పాటలో మీరు బేస్‌ను ఆరు డెసిబెళ్లు పెంచారనుకోండి. డెసిబెల్ అనేది శబ్దం హెచ్చుతగ్గుల కొలత. ఆరు డెసిబెళ్లంటే ఆ అల ఎత్తు రెట్టింపు. కప్పు దాటిన శిఖరాలు ఎక్కడికక్కడ తెగిపోతాయి. గుండ్రంగా ఉండవలసిన అల నెత్తి చదునైపోతుంది. అదే మనకు గరగరగా, చిరిగినట్టుగా వినిపిస్తుంది. స్పీకర్ పాడైందని అనుకుంటాం. దీనికి విరుగుడు ప్రీయాంప్ అనే మీట. పది మీటలకు పక్కన విడిగా ఉంటుంది. మీరు ఏ మీటనైనా ఆరు పెంచితే ప్రీయాంప్‌ను ఆరు తగ్గించాలి. శబ్దం తగ్గిందనిపిస్తే వాల్యూమ్ పెంచుకోవచ్చు. కొన్ని యాప్‌లు ఈ పని వాటంతట అవే చేస్తాయి, చాలావాటిలో మనమే చేసుకోవాలి. స్పీకర్ వైపు నుంచి చూసినా ఇదే సంగతి. బేస్‌ను పన్నెండు డెసిబెళ్లు పెంచితే యాంప్లిఫయర్ అక్కడ దాదాపు పదహారు రెట్లు శక్తి ఇవ్వవలసి వస్తుంది. గోరంత ఇయర్‌బడ్‌కూ, ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్‌కూ ఆ స్తోమత ఎక్కడిది?

మూడోది, మన చెవి మనల్ని మోసం చేసే తీరు. రెండు ధ్వనుల్లో కాస్త గట్టిగా ఉన్నది బాగుందని అనిపిస్తుంది. ఒకటి రెండు డెసిబెళ్ల తేడా చాలు. మీట పైకి తోయగానే బాగుందనిపించేది చాలాసార్లు ఇందుకే. నిజంగా బాగుపడిందో లేదో తేల్చుకోవాలంటే ఈక్వలైజర్ ఉన్నప్పుడూ తీసేసినప్పుడూ వాల్యూమ్ సమానంగా ఉండేలా ప్రీయాంప్ సర్ది, ఆన్ ఆఫ్ చేస్తూ వినాలి. ఈ చిన్న పరీక్ష పెట్టుకున్నాక మిగలని మార్పులు చాలా ఉంటాయి. ప్లేయర్లలో సిద్ధంగా దొరికే రాక్, పాప్, జాజ్ అన్న ప్రీసెట్లను కూడా ఈ పరీక్షకు పెట్టి చూడండి. వీఎల్‌సీలో రాక్ నొక్కితే రెండు కొసలూ లేచి, 310, 600 మీటలు బాగా కిందికి దిగుతాయి. సరిగ్గా గొంతు ఉన్నచోటే గొయ్యి పడుతుంది. క్లాసికల్ నొక్కితే ఆరు వేల నుంచి పైన అన్నీ కిందికి జారి తంబూరా మొద్దుబారుతుంది. ఆ పేర్లు చూసి మన కచేరీకి క్లాసికల్ పెట్టుకోవడం కంటే ఏమీ పెట్టుకోకపోవడం నయం.

మరి బేస్ చాలదనిపించేది ఉత్త భ్రమేనా అంటే, కాదు. దానికో గట్టి ఆధారం ఉంది. 1933లో బెల్ లేబొరేటరీస్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సంగతి కొలిచి చూపించారు. శబ్దం చిన్నదిగా ఉన్నప్పుడు మన చెవి మంద్రధ్వనుల్ని చాలా తక్కువగా వింటుంది. వెయ్యి హెర్ట్జ్ ధ్వని 40 డెసిబెళ్ల దగ్గర ఉందనుకుంటే, 100 హెర్ట్జ్ ధ్వని దానికి సమానంగా వినిపించాలంటే ఇరవై డెసిబెళ్లకు పైగా ఎక్కువ ఉండాలి. వాల్యూమ్ పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. రాత్రి అందరూ పడుకున్నాక చిన్నగా పెట్టుకున్న పాట పలచగా, పీలగా అనిపించేది ఇందుకే. పాత స్టీరియోల మీద లౌడ్‌నెస్ అని ఒక బటన్ ఉండేది. చిన్న వాల్యూమ్‌లో బేస్‌ను ఎత్తిపట్టడం దాని పని. కాబట్టి చిన్నగా వినేటప్పుడు 60, 170 మీటల్ని మూడు నాలుగు డెసిబెళ్లు పెంచడం న్యాయమే. పొద్దున వాల్యూమ్ పెంచినప్పుడు వాటిని మళ్లీ దించాలి. మనం దించం, చిక్కంతా అక్కడే.

ఈక్వలైజర్ కాక, ప్లేయర్‌కు తగిలించుకునే బేస్ ప్లగిన్లని మరో రకం సాధనాలు ఉన్నాయి. వీటిలో కొన్ని ఎంతో తెలివైనవి. వాటి కిటుకు తెలియాలంటే ముందు టెలిఫోన్ సంగతి చూడాలి. టెలిఫోన్ లైను సంప్రదాయంగా 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే మోసుకెళ్తుంది. నాన్నగారి గొంతు మూలస్వరం 120 హెర్ట్జ్ అనుకుంటే అది ఆ లైన్లో రానే రాదు. అయినా ఫోన్‌లో ఆయన గొంతు ఆయన గొంతులాగే ఉంటుంది. ఎలాగంటే, ఆ గొంతులోని 360, 480, 600 అనే అనుస్వరాలు, అంటే మూలస్వరానికి రెట్లలో ఉండే ధ్వనులు, వస్తాయి. వాటి మధ్య ఎడం 120 అని మెదడు పట్టేసి, లేని మూలస్వరాన్ని తనే వినిపించుకుంటుంది. వేవ్స్ సంస్థ మ్యాక్స్‌బేస్ వంటి ప్లగిన్లు చేసేది ఇదే. పాటలో 50 హెర్ట్జ్ దగ్గర ఉన్న ధ్వనిని తీసుకుని దాని 100, 150, 200 అనుస్వరాల్ని తయారుచేసి కలుపుతాయి. చిన్న స్పీకర్ 50ని పలకలేదు, 150ని, 200ని పలకగలదు. మిగతాది మన మెదడు పూరించుకుంటుంది. లాప్‌టాప్‌కూ, చిన్న బ్లూటూత్ స్పీకర్‌కూ ఇటువంటి ప్లగిన్ మంచి స్నేహితుడు. పెద్ద స్పీకర్లున్న చోట మాత్రం దాన్ని తీసేయాలి. అసలు బేస్‌కు తోడు కొసరు బేస్ చేరి పాట ఉబ్బిపోతుంది. మోతాదు ఎంతని అడిగితే, ప్లగిన్ ఆపినప్పుడు ఏదో పోయిందనిపించాలి, పెట్టినప్పుడు ఏదీ చేరినట్టు అనిపించకూడదు. అంతవరకే.

ఇప్పుడు మన పాటల దగ్గరికి వద్దాం. ఘంటసాల గారి కాలపు పాటలు మోనోలో రికార్డయినవి. సినిమా ఫిల్ము మీది సౌండు ట్రాకులోనూ, 78 ఆర్‌పీఎం రికార్డులోనూ ఎనిమిది వేల హెర్ట్జ్ దాటాక పనికొచ్చే ధ్వని బహు తక్కువ. అక్కడ ఉండేది జుయ్‌మనే హోరూ, రికార్డు మీద గీతల చిటపటలూ. కాబట్టి పన్నెండు వేలు, పద్నాలుగు వేలు, పదహారు వేలు మీటల్ని నిర్భయంగా దించేయవచ్చు. అడుగున చూస్తే, మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత రికార్డింగుల్లోకి ఆ హమ్ చొరబడుతూ ఉంటుంది, రికార్డు తిరిగే బల్ల గుడగుడ కూడా దానికి తోడు. 60 మీటను అయిదారు డెసిబెళ్లు దించితే ఆ ముసురు విడిపోతుంది. గాయకుడి గొంతు దాదాపు 100కు పైనే ఉంది గనక దానికేమీ కాదు. ఇంకా డబ్బాలోంచి పాడినట్టుంటే 310 మీటను రెండు మూడు దించండి. చివరగా మూడు వేల మీటను ఒక్క రెండు డెసిబెళ్లు పెంచండి. ఆ పాటలో ఒత్తులు, ద్విత్వాలు, పద్యం చివర ఆయన లాగిన దీర్ఘం మీద ఊపిరి ఎలా నిలిచిందో తెలుస్తుంది. చేసిన పనిలో మూడొంతులు తగ్గించడమే, గమనించండి.

ఇళయరాజా గారి పాటలకు లెక్క వేరు. 'సాగర సంగమం', 'గీతాంజలి' రోజుల పాటల్లో బేస్ గిటారు ఊరికే తాళం వేయదు, గొంతుకు సమాంతరంగా తనూ ఒక రాగాన్ని నడుపుతుంది. అది వినాలని 60 మీటను ఎత్తేవాళ్లున్నారు. బేస్ గిటారు అడుగు తీగ సుమారు 41 హెర్ట్జ్ మోగుతుంది, నిజమే. కానీ అది ఏ స్వరం వాయిస్తోందో మనకు తెలిపేవి 80 నుంచి 200 మధ్య ఉన్న ధ్వనులు. వేలు తీగను మీటిన ఆనవాలు 600 నుంచి వెయ్యి మధ్య ఉంటుంది. 60ని కాస్త దించి, 310ని మరికాస్త దించి, 600ను ఒక్క డెసిబెల్ పెంచి చూడండి. గుమ్మనే ముద్దలా ఉన్నది విడివిడి స్వరాలుగా నడవడం మొదలెడుతుంది. ఎన్నో ఏళ్లుగా తెలిసిన పాటలో ఒక కొత్త వాద్యం కనపడినంత సంతోషం కలుగుతుంది. ఈక్వలైజర్ మీద నాకింత మక్కువ కలగడానికి కారణం ఆ సంతోషమే.

ఈ తగ్గించే విద్య కొత్తదేమీ కాదు. 1952లో పీటర్ బాక్సండాల్ అనే బ్రిటిష్ ఇంజనీరు 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో బేస్, ట్రెబుల్ నాబ్‌ల సర్క్యూట్ ఒకటి ప్రచురించాడు. ప్రపంచమంతటా స్టీరియోల్లో దాన్నే వాడుకున్నారు. నాబ్ నడిమధ్యలో ఉంటే మార్పేమీ లేదు, ఒకవైపు తిప్పితే పెరుగుతుంది, మరోవైపు తిప్పితే తగ్గుతుంది. 1972లో జార్జ్ మాసెన్‌బర్గ్ అనే ఇంజనీరు పారామెట్రిక్ ఈక్వలైజర్ మీద పత్రం సమర్పించాడు. అందులో మీటలకు స్థిరమైన అంకెలుండవు. ఎక్కడ, ఎంత వెడల్పున, ఎంత మేరకు అన్న మూడూ మన చేతిలో ఉంటాయి. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, లినక్స్‌లో ఈజీ ఎఫెక్ట్స్ అనే ఉచిత ప్రోగ్రాములు ఈ సదుపాయం ఇస్తాయి. ఆండ్రాయిడ్‌లో పవర్‌యాంప్ వంటివి ఉన్నాయి.

పారామెట్రిక్ బాగా పనికొచ్చేది గదిలో స్పీకర్లు పెట్టుకున్నవాళ్లకు. మన ఇళ్లలో గది మామూలుగా పదడుగులు పన్నెండడుగులు ఉంటుంది. రెండు గోడల మధ్య పదడుగుల దూరంలో సగం తరంగం ఇమిడే ధ్వని సుమారు 56 హెర్ట్జ్. పన్నెండడుగులకైతే 47. ఆ రెండు చోట్ల గది తనే మోగుతుంది. పాటలో ఏ స్వరం అక్కడికి దిగినా కిటికీ అద్దాలు అదురుతాయి, పక్క స్వరం మాత్రం మామూలుగా ఉంటుంది. సబ్‌ఊఫర్‌ను మూలకు నెట్టిపెడితే ఇది ఇంకా ఎక్కువ. ముందు దాన్ని మూల నుంచి ఇవతలికి లాగండి. తర్వాత 56 దగ్గర సన్నగా నాలుగైదు డెసిబెళ్లు కోయండి. అదే గది నడిమధ్య కూర్చుంటే ఆ ధ్వని దాదాపు మాయమవుతుంది. దాన్ని ఈక్వలైజర్‌తో పూడ్చాలని చూడకండి, కుర్చీ జరపండి. ఇయర్‌ఫోన్ల వాళ్లకూ ఇదే మాట. రబ్బరు టిప్పులు చెవిలో సరిగ్గా బిగవకపోతే బేస్ బయటికి కారిపోతుంది. పెట్టెలో ఇచ్చిన వేరే సైజు వేసి చూశాకే మీటల జోలికి వెళ్లాలి. ఇంకొకటి. ఫోన్ సెట్టింగుల్లో ఒక ఈక్వలైజర్, పాటల యాప్‌లో ఒకటి, ఇయర్‌ఫోన్ల కంపెనీ యాప్‌లో మరొకటి ఉంటాయి. మూడుచోట్లా బేస్ పెరిగి ఉంటే పాట గతి ఏమిటో వేరే చెప్పాలా? ఒకటి ఉంచి మిగతావి ఆపండి.

మీరు ఈ ప్రసంగాన్ని మీడియం వేవ్ మీద వింటుంటే ఒక సంగతి చూడండి. మీడియం వేవ్‌లో స్టేషన్ల మధ్య ఎడం తొమ్మిది కిలోహెర్ట్జే. అందువల్ల దాదాపు 4500 పైనున్న ధ్వని మీదాకా సరిగా చేరదు. ఎఫ్ఎంలో అయితే పదిహేను వేల దాకా వస్తుంది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ రేడియో కేంద్రం నుంచి భక్తిరంజని కార్యక్రమం విని కీర్తనలు, తత్త్వాలు నోటికి నేర్చుకున్న ఇళ్లు ఎన్నో. చెక్కపెట్టె రేడియోలో అడుగున పెద్ద బేసూ లేదు, పైన మెరుపూ లేదు. నడుమ ఉన్నది మాత్రం శుభ్రంగా ఉంది. అది చాలింది.

చివరగా ఒక విన్నపం. వయసు పైబడేకొద్దీ చెవి ముందుగా పోగొట్టుకునేది పై ధ్వనుల్ని, అంటే హల్లుల్ని. పాట వినిపిస్తోంది గానీ మాట తెలియడం లేదని పెద్దవాళ్లు అంటారు. మనం వాల్యూమ్ పెంచుతాం. బేస్ కూడా పెరిగి మాట ఇంకా మునుగుతుంది, వాళ్లు ఇంకా పెంచమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెళ్ల శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 డెసిబెళ్లయితే నాలుగు గంటలే. కాబట్టి మీ ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఫోన్‌లో పాటలు వింటుంటే, ఒక పూట తీరిక చేసుకుని వాళ్ల పక్కన కూర్చోండి. వాళ్లకు బాగా తెలిసిన పాట పెట్టండి. 60, 170 మీటల్ని దించండి. మూడు వేల మీటను ఒక్కొక్క డెసిబెల్ చొప్పున పెంచుతూ మాట తెలుస్తోందా అని అడగండి. మీ చెవికి బాగుందా అని చూసుకోకండి. వాళ్లు చాలన్నచోట ఆపి, ఆ అమరికను వాళ్ల ఫోన్‌లో సేవ్ చేసి ఇవ్వండి.